కాటా గదికి లాగిన కేబుల్

మా నాయనను పత్తి కాటా మీద నిలబెట్టి తూచిన మనిషిని నేను క్షమించలేదు. క్షమించాలని ఎన్నడూ అనుకోలేదు కూడా. ఎనభైల చివర్లో, ఆదోనిలో పత్తి గింజలు తీసే ఒక జిన్నింగు మిల్లులో మూడు కంప్యూటర్లను ఒకే కేబుల్‌తో కలిపి, ఒకదాని డిస్కును మిగతా రెండూ వాడుకునేట్టు చేసింది నేనే. అప్పట్లో ఆ చుట్టుపక్కల ఆ పని తెలిసినవాళ్ళు లేరు. ఎట్లా నేర్చుకున్నావని ఎవరైనా అడిగితే, కొత్త విద్య కదా, ఆసక్తి కొద్దీ నేర్చుకున్నానని చెప్పేదాన్ని. నిజానికి నేను దాన్ని పగ కొద్దీ నేర్చుకున్నాను.

మా నాయన మంత్రాలయం దగ్గరి పల్లెలో బడి అయ్యవారు. తెలుగూ సంస్కృతమూ చెప్పేవాడు. సన్నటి మనిషి. గొంతు కూడా సన్నమే, పిల్లల మీద అరవడం చేతయ్యేది కాదు. నన్ను ఆదోని కాలేజీలో డిగ్రీ దాకా చదివించాడు. తర్వాత హైదరాబాదులో అత్త ఇంట్లో ఉంచి ఏడాది పాటు కంప్యూటరు నేర్పించాడు. ఆడపిల్లకు ఎందుకయ్యా ఇవన్నీ అని ఊళ్ళో అడిగితే నవ్వి ఊరుకునేవాడు. చదువు ముగించి వచ్చాక మిల్లులో ఉద్యోగం దొరికింది.

మిల్లు సావుకారు పెద్దవాడు. మాట తక్కువ. ఆఫీసులో ఒక మూల అద్దాల గది కట్టించి, ఏసీ పెట్టించి, కంప్యూటరును అందులో ఉంచాడు. చెప్పులు బయట విడిచి లోపలికి రావాలి. మిల్లులో ఎక్కడ చూసినా దూది పీచు గాలిలో తేలుతూ ఉండేది. జుట్టులో, టీ గ్లాసులో, ఫ్లాపీ పెట్టే సందులో కూడా అదే. అద్దాల గది కిటికీలోంచి చూస్తే మిల్లు ఆవరణ అంతా కనబడేది. దానికి అవతల గేటు పక్కన కాటా గది. రైతులు బండ్ల మీద, లారీల మీద తెచ్చిన పత్తి బోరేలను, అంటే పెద్ద గోనె సంచులను, అక్కడ తూచేవాళ్ళు. అక్కడా ఒక కంప్యూటరు ఉండేది. కాటా దగ్గరి గుమాస్తా ప్రతి తూకాన్నీ అందులో కొట్టి ఫ్లాపీకి ఎక్కించేవాడు. ఆ ఫ్లాపీ నేరుగా నా దగ్గరికి వచ్చేది కాదు. మధ్యలో మేనేజరు గదికి వెళ్ళేది. అక్కడ మూడో కంప్యూటరు ఉంది.

మేనేజరు నలభై దాటిన మనిషి. ఎప్పుడూ ఇస్త్రీ చెదరని తెల్ల బట్టలు. తడి అనీ చెత్త అనీ తూకంలో కొంత తీసేయడాన్ని తరుగు అంటారు. ఎవరికి ఎంత తరుగు తీయాలో తన గదిలో కూర్చుని ఆయనే నిర్ణయించేవాడు. ఆయనకు నమస్కారం పెట్టి, ఆయన ఇంటికి కందిపప్పు పంపిన వాళ్ళకు తరుగు ఉండదు. ఎదురు మాట్లాడిన వాళ్ళ పత్తి ఎంత ఎండినదైనా తడిసినట్టే. మధ్యాహ్నం దాటాక ఫ్లాపీ నా దగ్గరికి వచ్చేసరికి తూకాలు మారిపోయి ఉండేవి. రైతుకు చీటీ అప్పుడే చేతికి వచ్చేది. మిల్లులో అందరికీ ఈ సంగతి తెలుసు. సావుకారుకు మాత్రం తెలియదనుకుంటాను. తెలిసినా తెలియనట్టు ఉన్నాడేమో.

ఒకసారి నేను గుమాస్తాతో, "ఫ్లాపీ సీదా నాకే తెచ్చియ్యన్నా, రెండుసార్లు కాపీ చేసేది ఎందుకు?" అన్నాను. అంతే. ఆ సాయంత్రమే మేనేజరు అద్దాల గది తలుపు దగ్గరికి వచ్చి నవ్వుతూ చెప్పాడు.

"పాపా, నువ్వు బొత్తాలు నొక్కు. యాపారం మేం జేస్తాం."

ఆ నవ్వు వెనుక ఏముందో కొన్నాళ్ళకు తెలిసింది.

ఉగాది అయిన కొత్తల్లో నాయన ఏదో పని మీద ఆదోని వచ్చాడు. అమ్మ పండక్కి చేసిన ఓళిగలు, అదే బొబ్బట్లు, డబ్బాలో పెట్టుకుని, స్టేషన్ నుంచి ఎండలో నడుచుకుంటూ మిల్లుకు వచ్చి, గేటు దగ్గర నా గురించి అడిగాడు. మేనేజరు అప్పుడు కాటా దగ్గర రైతుల మధ్య ఉన్నాడు. నేను కిటికీలోంచి నాయనను చూశాను. లేచి చెప్పులు వేసుకునే లోపల అది మొదలైపోయింది. అక్కడి మొదటి మాటలు తర్వాత హమాలీలు చెప్పగా విన్నాను.

"ఎవరప్పా నువ్వు?"

"కంప్యూటరు దగ్గర పనిచేసే పాప ఉంది కదా, వాళ్ళ నాయనను."

"ఓహో, అయ్యవారా! రా సామీ రా. ఏం ఇట్ల ఎండిపోయినావు? ఇంట్లో బువ్వ పెడ్తాండారా లేదా? ఒరేయ్, అయ్యవార్ని కాటా ఎక్కించండ్రా, ఎంత తూగుతాడో సూద్దాం."

హమాలీలు ఇద్దరు వెనకాడారు. మేనేజరు మళ్ళీ అరిచేసరికి రెక్కలు పట్టుకుని ఎక్కించారు. ఒక చెప్పు కింద పడిపోయింది. డబ్బా రెండు చేతులతో పట్టుకుని, పత్తి బోరేలు పెట్టే ఇనుప పలక మీద నిలబడ్డాడు నాయన. మేనేజరు కాటా గుండు జరిపి, నేను ఆవరణ మధ్యలో ఉండగా, అందరికీ వినబడేట్టు అరిచాడు.

"సగం బోరెం గూడ లేడు గదరా! దీంట్లో తరుగు దీస్తే ఇంకేం మిగుల్తాది?"

రైతులు నవ్వారు. నవ్వకపోతే తమ తరుగు పెరుగుతుందని భయపడి కొందరు నవ్వి ఉంటారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. నాయన కూడా నవ్వాడు. అందరూ నవ్వుతుంటే తాను ఒక్కడే ఊరకుండడం మర్యాద కాదన్నట్టు, పళ్ళు కనబడేలా నవ్వాడు. నేను దగ్గరికి పోయేసరికి దిగి చెప్పు వెతుక్కుంటున్నాడు.

"తినమ్మా," అని డబ్బా నా చేతిలో పెట్టాడు. "మీ అమ్మ నెయ్యి ఎక్కువ పోసింది."

గేటు దాటి వెళ్ళిపోయాడు.

సావుకారుకు చెప్పలేదు. చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. మేనేజరును పిలుస్తాడు. ఆయన తమాషాకు చేశానంటాడు. అందరికీ టీలు వస్తాయి. ఆ టీతో పాటు నా నాయన మానం కూడా తాగేస్తారు. నాకు అది సరిపోదు. ఆ మనిషి కూర్చున్న చోటును కూలగొట్టాలి. ఆయన కూర్చున్న చోటు కుర్చీ కాదు. కాటా గదికీ అద్దాల గదికీ మధ్య ఫ్లాపీ ఆగే ఆ కాసేపే ఆయన చోటు.

ఆ కాలంలోనే సావుకారు ఒక పొద్దు నా ముందు బాధపడ్డాడు. "దేవనకొండ దిక్కు రైతులు గూడా ఎమ్మిగనూరు పోతాండారంట. మన కాటా మీద నమ్మకం లేదంటాండారు." బొంబాయిలో ఒక వ్యాపారి ఆఫీసులో చూశానని కూడా చెప్పాడు. అక్కడ నాలుగు కంప్యూటర్లు ఒకే డిస్కులో రాస్తాయంట, ఫ్లాపీలే లేవంట. "మనకు గూడా అయితాదా పాపా?"

"అవుతుందన్నా," అన్నాను. అవుతుందో కాదో నాకు తెలియదు. కానీ ఫ్లాపీలే లేకపోతే మేనేజరు గదిలో ఆగేది ఏమీ ఉండదని మాత్రం తెలుసు.

పెట్టె బొంబాయి నుంచి వచ్చింది. అందులో కట్టలుగా ఫ్లాపీలు, ఇటుకల్లాంటి పుస్తకాలు, కంప్యూటరులో దూర్చే కార్డులు, నల్లటి కేబుల్ చుట్ట. బళ్ళారి నుంచి వచ్చిన కంప్యూటర్ల దుకాణం మనిషి కార్డులు బిగించి, ఈ సాఫ్ట్‌వేర్ తానెప్పుడూ చూడలేదని, పుస్తకం చూసి చేసుకోమని చెప్పి సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు. డిస్కు పంచే పనికి ఒక కంప్యూటరును విడిగా ఉంచితే సులభమని పుస్తకంలో ఉంది. సావుకారు ఒప్పుకోలేదు. "మళ్లా ఇంగో మిషను యాడ తెద్దాం? ఉండేదాండ్లనే సెయ్యి." అంటే నా బల్ల మీది మామూలు కంప్యూటరే నా రోజువారీ పనీ చేయాలి, లోలోపల మిగతా రెండింటికీ సర్వరుగానూ ఉండాలి.

కేబుల్ లాగిన మరుసటి రోజే తెగింది. షెడ్డు గోడ వెంబడి పోయే చోట, కత్తితో కోసినట్టు నున్నగా తెగింది. మేనేజరు వచ్చి వంగి చూసి నాలుక చప్పరించాడు.

"ఎలకలు గొరికినట్టుండాయి పాపా. గింజెల వాసనకు వస్తాయి."

"ఎలకలే ఉంటాయి సార్," అన్నాను నేను. సావుకారు దగ్గరికి పోయి, ఎలుకలు ఎక్కువగా ఉన్నాయని, ఇనుప పైపులో వేయిద్దామని అడిగాను. పైపు వేసినవాళ్ళు ఆవరణలో గాడి తవ్వుతుంటే మేనేజరు నీడలో నిలబడి చూస్తూ ఉన్నాడు. నేను కూడా ఆయననే చూస్తూ ఉన్నాను.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. సాఫ్ట్‌వేర్ ఎక్కించాలంటే ముందు అది అడిగే ప్రశ్నలన్నింటికీ జవాబు చెప్పాలి. ఏ కార్డు, ఏ డిస్కు, ఏ ప్రింటరు. చెప్పిన జవాబుల ప్రకారం అది తన్ను తాను తయారు చేసుకుంటుంది. ఈ ఫ్లాపీ పెట్టు, అది తియ్యి, మొదటిది మళ్ళీ పెట్టు అని అడుగుతూనే ఉంటుంది. అన్నీ అయ్యాక డిస్కునంతా పరీక్ష చేస్తుంది. ఆ పరీక్ష మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటికి. ఆదోనిలో కరెంటు పోని రోజు ఏది? మిల్లు జనరేటరు నుంచి నా గదికి వైరు ఇప్పించుకున్నాను. పరీక్ష ముగిసి, సర్వరు పైకి లేచి, ఇక అయిపోయిందనుకున్న క్షణంలో తెర బిగుసుకుపోయేది. ఏ మీట నొక్కినా పలికేది కాదు. మళ్ళీ ఆపి, మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ అక్కడికే వచ్చి ఆగేది.

అట్లా ఎన్నిసార్లు ఆగిందో. ఆగిన ప్రతిసారీ కిటికీలోంచి కాటా కనబడేది. నాయన నవ్వు గుర్తుకొచ్చేది. కళ్ళు తుడుచుకుని పుస్తకం తెరిచేదాన్ని. మేనేజరు అటుగా పోతూ తలుపు దగ్గర ఆగి, "ఏం పాపా, లెయ్యలేదా ఇంగా?" అనేవాడు, మంచంపట్టిన మనిషిని పరామర్శించినట్టు.

చివరికి పుస్తకం వెనుక చిన్న అక్షరాల్లో దొరికింది. కంప్యూటరులోని ప్రతి కార్డుకూ లోపలి మెదడును పిలవడానికి ఒక గీత ఉంటుంది. నా ప్రింటరూ కొత్త కార్డూ ఒకే గీత మీద పిలుస్తున్నాయి. రెండూ ఒకేసారి పిలిచేసరికి అది మూగబోతోంది. కార్డు బయటికి తీసి, దాని మీద గోరంత ఉన్న చిన్న బిళ్ళను ఒక జత ముళ్ళ మీది నుంచి పక్క జతకు మార్చాను. సాఫ్ట్‌వేర్‌కు కూడా అదే జవాబు చెప్పి మళ్ళీ తయారు చేశాను. ఈసారి తెర బిగుసుకోలేదు.

కాటా గదికి పరుగెత్తాను. అక్కడి కంప్యూటరులో పేరు కొట్టి లోపలికి పోయాను. ఆవరణకు అవతల నా బల్ల మీదున్న డిస్కులోని ఫైళ్ళన్నీ ఈ తెర మీద వరుసగా వచ్చాయి. చుట్టూ దూది ఎగురుతోంది. సంతోషం అనుకున్నంత కలగలేదు. ఇన్నాళ్ళకు మేనేజరు గొంతు చేతికి దొరికింది, ఇక పట్టుకోవడమే అనిపించింది.

ఎవరు ఏ ఫైలు చూడవచ్చో, ఎవరు అందులో రాయవచ్చో ఆ సాఫ్ట్‌వేర్‌లో విడివిడిగా చెప్పవచ్చు. కాటా గుమాస్తా కొత్త తూకం రాయవచ్చు, రాసింది మార్చలేడు. మార్చే హక్కు సావుకారుకే.

"మేనేజరు గదిలో గూడా ఒగటి పెట్టు, లేకుంటే నొచ్చుకుంటాడు," అన్నాడు సావుకారు.

"పెడతానన్నా. అన్నీ చూడవచ్చు ఆయన. మార్చాల్సి వస్తే మాత్రం మీ దగ్గరికి రావాలి."

సావుకారు కాసేపు నా మొహం చూశాడు. ఏం చదివాడో తెలియదు. "సరే, అట్లే కానీ," అన్నాడు.

మేనేజరు బల్ల మీద తెరను మంచి చోట అమర్చాను. ప్రతి తూకమూ కాటా దగ్గర కొట్టగానే ఆయన కళ్ళ ముందుకు రావాలి. రావాలి, కానీ చేతికి అందకూడదు. అది నా ఏర్పాటు.

మొదటి పొద్దు దేవనకొండ దిక్కు రైతు ఒకాయన పత్తి తూగింది. గుమాస్తా కొట్టగానే అక్కడే కొత్తగా పెట్టిన ప్రింటరు చీటీ కక్కింది. రైతు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇంతేనా అన్నా? ఇంగ లోపలికి పోయి కూసోనే పన్లేదా?"

"పన్లేదు, పో," అన్నాడు గుమాస్తా.

కాసేపటికే మేనేజరు గది నుంచి నాకు పిలుపు వచ్చింది. తెర ముందు కూర్చుని మీటలు గట్టిగా కొడుతున్నాడు. కొట్టిన ప్రతిసారీ కంప్యూటరు కీచుమని అరిచి, అనుమతి లేదని చూపుతోంది.

"పాపా, ఇదేంది, రాయనియ్యదే?"

"రాయనియ్యదు సార్."

"యాలనో?"

"మీకు చూసేదానికే ఉంది."

"ఎవరు పెట్టిందట్ల?"

"నేనే."

ఆయన చేతులు మీటల మీద నుంచి మెల్లగా కిందికి దిగాయి. మొహంలో రంగు తగ్గడం నేను కళ్ళారా చూశాను. తొందరపడకుండా, కడుపు నిండేదాకా చూశాను.

అంతటితో వదల్లేదు. పాస్‌వర్డు కొన్నాళ్ళకొకసారి చెల్లకుండా పోయేట్టు పెట్టాను. కొత్తది కావాలంటే ఆయన నా దగ్గరికే రావాలి. అద్దాల తలుపు బయట చెప్పులు విడిచి నిలబడేవాడు. నాకు పని లేకపోయినా కాసేపు తలెత్తేదాన్ని కాదు. బయట బెంచీ మీద డబ్బుల కోసం వచ్చిన రైతులు కూర్చుని చూస్తూ ఉండేవాళ్ళు.

ఆయన సావుకారు దగ్గర మొర పెట్టుకున్నాడు. "తూకంలో ఏం మార్చల్ల సెప్పు, నేను మారుస్తా," అన్నాడంట సావుకారు. మేనేజరు తిరిగి తన గదికి వచ్చేశాడు. ఆయన ఇంటికి కందిపప్పు రావడం ఆగిపోయింది. నమస్కారాలు తగ్గాయి. మరుసటి పత్తి కాలం రాకముందే మేనేజరు ఎమ్మిగనూరులో ఇంకో మిల్లుకు వెళ్ళిపోయాడు.

అక్కడితో నా పగ చల్లారి ఉంటే బాగుండేదని పెద్దవాళ్ళు అంటారేమో. చల్లారలేదు. ఏడాది తిరక్కముందే ఆయన చేరిన ఎమ్మిగనూరు మిల్లు నుంచే కబురు వచ్చింది. ఆ మిల్లు నడిపేది ఒక పెద్దామె. భర్త పోయాక తానే చూసుకుంటోంది. మా సావుకారుకు దూరపు చుట్టం. తమకూ అట్లాగే కంప్యూటర్లు కలిపి ఇమ్మని అడిగింది. సావుకారు పోయి రమ్మన్నాడు. బస్సులో కూర్చున్నంతసేపూ మేనేజరు మొహమే తలచుకున్నాను.

గేటు దగ్గరే ఎదురయ్యాడు.

"ఈడికి గూడా వచ్చినావా తల్లీ?" అని నవ్వాడు. "రా, రా. ఈసారన్నా నాకు రాసేదానికి ఇయ్యి."

ఈసారి పని తొందరగా తెమిలింది. చేసిన దారే కదా. చివర్లో కాటా నుంచి పెద్దామె గదికి తూకం చేరుతోందో లేదో చూడాలి. ఆ పొద్దు పత్తి రాలేదు. కాటా ఖాళీగా ఉంది. హమాలీలు చుట్టూ నిలబడ్డారు. పెద్దామె లోపల తెర ముందు కూర్చుంది.

"ఏదో ఒకటి తూచాలి," అన్నాను. అని మేనేజరు వైపు చూశాను. ఆయనను ఎక్కించాలని బస్సులోనే నిశ్చయించుకున్నాను. ఎట్లా అడగాలో, ఏ మాటతో మొదలుపెట్టాలో కూడా కూర్చుకున్నాను. అడిగే అవసరమే రాలేదు.

"నేనుండా గదమ్మా!" అంటూ తానే టక్కున ఎక్కాడు. పొట్ట తట్టుకుని హమాలీల వైపు తిరిగి, "సూడండ్రా, ఎంత తూగుతానో. తరుగు దియ్యాకండి!" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన అందరికంటే ఎక్కువ నవ్వాడు.

ఆయన మొహంలో ఎక్కడా జంకు లేదు.

"మా నాయనను కూడా ఇట్లే ఎక్కించావు," అన్నాను చివరికి. ఆయనను 'నువ్వు' అనడం అదే మొదటిసారి.

"ఎవర్ని?"

"మా నాయనను. ఆదోనిలో. ఓళిగల డబ్బా పట్టుకుని వచ్చినాయనను."

ఆయన నుదురు ముడివేసి ఆలోచించాడు. నటన కాదు. నిజంగానే వెతుక్కుంటున్నాడు.

"ఎప్పుడమ్మా? నాకు యాదికి రాలే. తమాషాకు శానామందిని ఎక్కిస్తాంటి గదా," అన్నాడు. తర్వాత నా కళ్ళు చూసి మెల్లగా దిగాడు. "దానికా నువ్వు ఇదంతా జేసింది?"

"దానికే."

"దానికా!" అన్నాడు మళ్ళీ, నమ్మలేనట్టు. హమాలీలు నవ్వడం మానేశారు.

గుమాస్తా ఈలోపు తూకం కొట్టినట్టున్నాడు, చేరిందని పెద్దామె లోపలి నుంచి కేకేసింది. వెళ్ళాను. మేనేజరు కూడా వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఈయప్పకు ఏం పెట్టల్ల పాపా? అంతా రాసేదానికి గావల్లంటాండాడు," అని అడిగింది ఆమె.

ఆయన ఆదోనిలో తరుగు ఎట్లా తీసేవాడో, ఫ్లాపీలు ఆయన గదిలో ఎందుకు ఆగేవో ఆయన వినేట్టే చెప్పాను. ఒక్క మాట దాచలేదు, ఒక్కటి కల్పించలేదు. పెద్దామె ఆశ్చర్యపోలేదు. ఆకు నములుతూ అంతా విన్నది.

"నా మిల్లులో తూకం మారిస్తే నేనే మార్చల్ల," అంది. "ఈయప్పకు సూసేదానికే పెట్టు."

నేను కోరుకున్నదే జరిగింది. న్యాయం కోసం మాత్రం జరగలేదు. అది నాకు అప్పుడే అర్థమయింది, అయినా మీటలు నొక్కేటప్పుడు నా వేళ్ళు ఆగలేదు. మేనేజరు గుమ్మంలోంచి ఎప్పుడు వెళ్ళిపోయాడో చూడలేదు.

ఆ ఆదివారం ఊరికి పోయాను. నాయన అరుగు మీద కూర్చుని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతున్నాడు. ఇన్నాళ్ళూ ఈ సంగతి మా ఇద్దరి మధ్యా ఒక్కసారి కూడా రాలేదు. ఎట్లా తీసుకుంటాడో, పగ మంచిది కాదని శ్లోకం చదువుతాడేమోనని భయపడుతూనే అంతా చెప్పాను. కేబుల్ తెగడం, పైపు, అనుమతి లేదని కంప్యూటరు కీచుమనడం, అద్దాల తలుపు బయట చెప్పులు. నాయన పెన్ను పక్కన పెట్టాడు.

"చెప్పులు విడిచి నిలబడినాడా?"

"ప్రతిసారీ."

"మొహం ఎట్లుండె?"

చెప్పాను. నాయన నవ్వడం మొదలుపెట్టాడు. కాటా మీద నవ్విన నవ్వు కాదు. భుజాలు అదిరేట్టు, కళ్ళలో నీళ్ళు వచ్చేట్టు నవ్వాడు. లోపలి నుంచి అమ్మ, "పిల్లలకు బుద్ధులు చెప్పే అయ్యవారు నవ్వే నవ్వేనా అది?" అని కసిరింది. నాయన వినిపించుకోలేదు.

"ఆ పొద్దు స్టేషన్లో రెండు బండ్లు వదిలేసినానమ్మా," అన్నాడు కాసేపటికి. "బెంచీ మీదే కూర్చుండిపోయినా. మీ అమ్మకు గూడా చెప్పలేదు."

ఎమ్మిగనూరు సంగతి చెప్పినప్పుడు మాత్రం ఆయన నవ్వు ఆగింది. "యాదికి లేదన్నాడా?" అని అడిగాడు. అవునన్నాను. తర్వాత పేపర్లు కట్టగా కట్టి పక్కకు నెట్టి, నా వైపు తిరిగి సరిగ్గా కూర్చున్నాడు.

"అది వద్దులే. ఆదోనిదే ఇంకోసారి చెప్పు. కేబుల్ తెగిన కాడ్నుంచి."

మళ్ళీ చెప్పాను. ఈసారి మేనేజరు మొహం వాడిపోయే చోట కొంచెం ఎక్కువసేపు ఆగాను.